రెండు వందల పన్నెండు ప్రశ్నలు

మా ఇంట్లో ఒక ఒప్పందం ఉండేది. దరఖాస్తు మాట ఎవరూ ఎత్తకూడదు. ఎత్తినవాళ్ళు ఆ పూట అంట్లు తోమాలి. ఈ చట్టం చేసింది బావ. ఆయన బస్సు కండక్టరు. పొద్దున్నించీ జనం తగవులు తీర్చి ఇంటికొస్తే, ఇక్కడ అక్కాచెల్లెళ్ళ తగవు తీర్చే ఓపిక తనకి లేదని తేల్చి చెప్పేశాడు.

తగవుకి మూలం నా ఉద్యోగం. బడులూ లైబ్రరీలూ కంప్యూటర్లు కొనుక్కోవడానికి, ఇంటర్నెట్టు పెట్టించుకోవడానికి ప్రభుత్వం ఏటా సాయం చేస్తుంది. అది కావాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దరఖాస్తుల్లో తప్పులు పట్టి వెనక్కి పంపే సీటు నాది. మా అక్క ఊరి చివర ఒక గది లైబ్రరీకి లైబ్రేరియన్. ఆవిడ మూడేళ్ళుగా దరఖాస్తు పెడుతోంది, మూడేళ్ళుగా అది తిరిగొస్తోంది. పేరూ ఊరూ మూసేసి నంబర్లతోనే మా సీట్లకి పంపుతారు కాబట్టి ఎవరిది ఎవరి చేతిలో పడుతుందో మాకు తెలియదు. అయినా అక్క లెక్కలో ఆ ఆఫీసంటే నేనే.

దరఖాస్తంటే ఒకటో రెండో కాగితాలనుకునేరు. అరవై ఎనిమిది పేజీలు, రెండు వందల పన్నెండు ప్రశ్నలు, మూడు ప్రతులు. నింపేసరికి ఎంతటివాళ్ళకైనా తలప్రాణం తోకకొచ్చేది. మధ్యలో వదిలేసినవాళ్ళు ఎంతమందో మాకు తెలియదు, ఎందుకంటే వదిలేసినవాళ్ళు మాకు ఉత్తరం రాయరు కదా.

ఆ వేసవి మొదట్లో ఒక సాయంత్రం అక్క చేతిలో ఒక కాగితంతో వంటింటి గుమ్మంలో నిలబడింది. పట్టణ కౌన్సిల్ నుంచి వచ్చిన నోటీసు. వేసవి ముగిసేలోగా ఇంటర్నెట్టు కనెక్షన్ రాని చిన్న లైబ్రరీలన్నీ మూసి, పుస్తకాలనీ మనిషినీ పెద్ద లైబ్రరీలో కలిపేస్తారట.

"గది తీసేసుకుంటారట," అంది అక్క, ఎవరిదో గది అన్నట్టు.

బావ బూట్లు విప్పుతున్నవాడల్లా ఆగిపోయాడు. "పంతొమ్మిదేళ్ళ గది. అలా ఎలా తీసుకుంటారు?"

"తాళం వేసి తీసుకుంటారు. ఇంకెలా తీసుకుంటారు?"

నేను చేతులు తుడుచుకుని వచ్చాను. "అక్కా, ఈసారి మళ్ళీ పెడదాం. పోయినేటిది కాపీ ఉందిగా? తీసుకురా, ఎక్కడ దెబ్బ కొట్టిందో చూస్తాను."

"దరఖాస్తు మాట ఎత్తావు," అన్నాడు బావ.

"అంట్లు నేనే తోముతాలే బావా. కాపీ తే అక్కా."

అక్క ఇష్టం లేకుండానే బీరువా మీంచి కట్ట దించింది. పైన మా ఆఫీసు తిరుగుచీటీ గుచ్చి ఉంది. చీటీ మీద ఒకే ఒక్క వాక్యం. "ప్రశ్న 143: గోడ కనిపించడం లేదు."

కంప్యూటరు ఏ గోడ పక్కన పెడతారో ఆ గోడ ఫోటో జత చెయ్యాలి, అదీ 143వ ప్రశ్న. అక్క ఫోటో జత చేసింది. అందులో కిందనించి పైకప్పు దాకా పుస్తకాలే. గోడ లేదు.

ఆ వాక్యం నాదే. పోయినేడు ఒక మధ్యాహ్నం, ఆ వారంలోనే మిగిలినవన్నీ తేల్చాల్సిన తొందరలో, మసకబారిన జిరాక్సు ఒకటి చూసి నేను రాసిన వాక్యం అది. రాసి, తరవాతి కట్ట విప్పాను.

అమ్మ పోయేనాటికి నాకు తొమ్మిదేళ్ళు. ఆ ఏడే అక్కకి ఆ ఉద్యోగం వచ్చింది. బడి వదలగానే నన్ను తనతో కూర్చోబెట్టుకునేది. ఆ అలమరలకి వీపు ఆనించుకునే ఎక్కాలు నేర్చుకున్నాను. ఏ అరలో ఏ పుస్తకం అట్ట చిరిగిందో కళ్ళు మూసుకుని చెప్పగలను. అదే గది ఫోటో నా చేతిలోకి వస్తే గుర్తుపట్టలేదు.

"అక్కా, ఇది రాసింది నేనే," అన్నాను.

కోప్పడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. అక్క ఆ ఫోటోనే చూస్తూ, "గోడ ఎలా కనిపిస్తుందే, పుస్తకాలుంటేను?" అంది మెల్లిగా. అని లోపలికి వెళ్ళిపోయింది.

తరవాత బావ అన్నాడు, "నేను రోజుకి ఎనిమిది వందల మందికి టికెట్టు కొడతాను మరదలా. ఎక్కడికీ, ఎంతమందీ, రెండే ప్రశ్నలు. మీ గోడ ఎలా ఉందండీ అని ఒక్కణ్ణీ అడగలేదు. అందరూ ఎక్కాల్సిన చోట ఎక్కారు, దిగాల్సిన చోట దిగారు."

ఆ పూట అంట్లు బావే తోమాడు.

*

రెండు వందల పన్నెండు ప్రశ్నలు ఒక్కరోజులో పుట్టలేదు. మా సెక్షనులో ఒక పద్ధతి ఉండేది. ఎక్కడైనా, ఎవరైనా ఒక తప్పు చేశారనుకోండి, మర్నాడు దరఖాస్తులో ఒక ప్రశ్న పుట్టేది, ఇంకెవరూ ఆ తప్పు చెయ్యకుండా. ఒక బడిలో కంప్యూటరు పెట్టాక చూస్తే కరెంటు లేదు. నాలుగు ప్రశ్నలు. ఇంకోచోట కప్ప దూరి మిషను పాడైంది. ఆరు ప్రశ్నలు, అందులో ఒకటి కిటికీల గురించి. ప్రశ్న కలిపే ప్రతిసారీ మా సూపరింటెండెంటు గారు కళ్ళజోడు సర్దుకుని "ఎందుకైనా మంచిది" అనేవారు. ముప్ఫై ఏళ్ళుగా అంటున్నారు. ఆఫీసులో ఆయన అసలు పేరు ఎవరూ వాడరు. ఎందుకైనా మంచిది గారు అంటేనే అందరికీ తెలుస్తుంది.

ఆ నెలలోనే కొత్త డైరెక్టరు గారు వచ్చారు. యాభై దాటిన ఆవిడ, తెల్లటి జుట్టు, నెమ్మదైన గొంతు. వచ్చిన మూడోరోజు మమ్మల్ని పిలిచి ఒకటే అడిగారు.

"మన కింద బడులూ లైబ్రరీలూ కలిపి పదకొండు వేల పైచిలుకు ఉన్నాయి. దరఖాస్తులు మూడు వందల నలభై వచ్చాయి. మిగతావాళ్ళకి కంప్యూటర్లు అక్కర్లేదంటారా?"

సూపరింటెండెంటు గారు గొంతు సవరించుకున్నారు. "ఆసక్తి తక్కువండీ, మేడమ్."

"ఏటా సగానికి పైగా సాయం ఎవరికీ అందకుండా వెనక్కి పోతోంది. సరే, ఒక పని చెయ్యండి. ఈ ప్రశ్నలన్నీ పట్టుకుని ప్రతి గదికీ వెళ్ళండి. ఏ ప్రశ్నకి జవాబు ఎవరు చదువుతున్నారో వాళ్ళ చేత పక్కన సంతకం పెట్టించుకు రండి. సంతకం లేని ప్రశ్న కొట్టేద్దాం."

"అన్నిటికీ సంతకాలు వస్తాయండీ," అన్నారు ఆయన, ధీమాగా. ఆయనకి తోడు నన్ను వెళ్ళమన్నారు.

మూడు రోజులు కాళ్ళరిగేలా తిరిగాం. మా భవనం నాలుగు అంతస్తులు. అన్ని గదులున్నాయని నాకు అప్పుడే తెలిసింది. కరెంటు ప్రశ్నలు పట్టుకుని ఇంజనీర్ల గదికి వెళ్తే, "అవి మేము చదవమండీ, మా మనిషి వెళ్ళి చూసొస్తాడుగా, ఆడిట్‌వాళ్ళు చదువుతారు," అన్నారు. ఆడిట్‌వాళ్ళు, "మాకెందుకండీ, ఇంజనీర్లు చదువుతారుగా," అన్నారు. పిల్లల సంఖ్య అడిగే ప్రశ్నలు పన్నెండు. ఆ లెక్క ప్రతి నెలా కింద అంతస్తులోనే మరో గదికి వస్తుందిట. మనకి తెలిసిందే మళ్ళీ వాళ్ళ చేత రాయిస్తున్నామన్నమాట. అరవై నుంచి నూట పది దాకా ఉన్న ప్రశ్నలన్నీ గణాంకాల గదికి వెళ్తాయని రాసుంది. ఆ గది తలుపు తోస్తే రాలేదు. గట్టిగా తోస్తే, వెనక కట్టలు జరిగాయి. అయిదేళ్ళ క్రితం ఆ సీటులో ఆయన రిటైరయ్యాడట. ఇంకొకర్ని వెయ్యలేదు. జవాబులు మాత్రం ఏటేటా వస్తూనే ఉన్నాయి, అటెండరు తలుపు తీసి లోపలికి విసిరి వెళ్తున్నాడు.

ఆ కట్టలమధ్య నిలబడి నేను తలెత్తి చూశాను. కిటికీ దాకా, ఫ్యాను దాకా కాగితాలు. ఒక్కొక్క కాగితం ఎవరో ఒక టీచరు, ఎవరో ఒక అక్క, సెలవు రోజు కూర్చుని, కొట్టేసి మళ్ళీ రాసి, తప్పు పోతుందేమోనని భయపడి నింపినది. విప్పిన తాడు ఒక్కటీ లేదు. ఇన్ని మాటలు ఒకచోట ఉండి ఇంత నిశ్శబ్దంగా ఉండటం నేను అంతకుముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు.

సూపరింటెండెంటు గారు ఒక కట్ట మీద దుమ్ము చేత్తో తుడిచారు. "ఈ యాభై నేనే కలిపానమ్మా," అన్నారు.

సంతకాలు పంతొమ్మిది వచ్చాయి. ఒకటే మాట రెండుసార్లు అడిగినవి కలిపేస్తే పది మిగిలాయి. డైరెక్టరు గారి బల్లముందు సూపరింటెండెంటు గారి చేతికి ఎర్రపెన్ను ఇచ్చి కూర్చోబెట్టారు. తాను కలిపినవి తానే కొట్టేస్తూ వచ్చారు. 143 దగ్గర ఆగారు. "ఒకచోట చెమ్మగోడకి ఆనించి పెడితే మిషను కాలిపోయిందండీ. అందుకని..." అని నావైపు చూశారు. అక్క ఫోటో సంగతి ఆయనకి చెప్పాను అప్పటికే. ఆ ప్రశ్నని రెండుసార్లు కొట్టేశారు.

చివర ఒక్క మనవి చేసుకున్నారు. "ఒక్కటి కలుపుతానండీ, మేడమ్."

"ఎందుకైనా మంచిదనా?" అన్నారు డైరెక్టరు గారు. ఆవిడకీ తెలిసిపోయిందన్నమాట.

ఆయన సిగ్గుపడ్డారు. "కాదండీ. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు, తెలుసుకోవాలని ఉంది. ఇది లేకుండా ఇప్పుడు ఎలా నెట్టుకొస్తున్నారు, అని."

అలా పదకొండు ప్రశ్నలయ్యాయి. ఒక కాగితం, ముందూ వెనకా. కొత్త దరఖాస్తు బయటికెళ్ళింది. గడువు అయిదు వారాలు.

*

మొదటివారం ఏమీ రాలేదు. "చూశారా, ఆసక్తి తక్కువ," అనబోయి సూపరింటెండెంటు గారు మాట మింగేశారు.

రెండోవారం సోమవారం తపాలా మనిషి రోజూ తెచ్చే సంచీ తెచ్చి, "ఇంకా కింద ఉన్నాయండీ," అన్నాడు. కిందకి వెళ్తే ఆటో ఆగి ఉంది. మంగళవారం రెండు ఆటోలు. బుధవారం నుంచి మేమే భోజనాల హాలు ఖాళీ చేసి నేలమీద దుప్పట్లు పరిచాం. కవర్లు అన్ని రకాలూ ఉన్నాయి. కొన్నవి, కాలెండరు కాగితంతో మడిచి అతికించినవి, ఒకటి సిమెంటు సంచీ కత్తిరించి కుట్టినది. మొత్తం మీద నాలుగు వేల ఆరు వందలు.

చదవడం మొదలుపెట్టాక మాకు వేళ తెలియలేదు. పది ప్రశ్నలు ఇట్టే అయిపోయేవి. పదకొండోది దగ్గర చెయ్యి ఆగిపోయేది. ఇలా నెట్టుకొస్తున్నాం అని రాశారు జనం.

ఒక టీచరు: "ప్రతి శనివారం పదకొండు కిలోమీటర్లు నడిచి పట్నం వెళ్తాను. పిల్లలు వారమంతా అడిగిన ప్రశ్నలు నోటుబుక్కులో రాసుకెళ్ళి జవాబులు రాసుకొస్తాను. పోయినవారం ముప్ఫై నాలుగు ప్రశ్నలు."

ఒకావిడ: "మాది గది కాదు, పడవ. వారానికి ఏడు రేవులు. తడవని పుస్తకం మా దగ్గర లేదు."

రాళ్ళు కొట్టే క్వారీలో బడి: "మాకు చిరునామా లేదు. ఎక్కడ తవ్వుతుంటే అక్కడ. ఉత్తరం మేస్త్రీకి ఇస్తే అందుతుంది."

చూపులేని ఆడవాళ్ళ చదువుల గది: "మాకు రోజూ చదివి వినిపించే ఆవిడకి గొంతు పోయింది. ఆర్నెల్లుగా ఇదివరకు విన్నవే ఒకరికొకరం చెప్పుకుంటున్నాం."

ఇంకొక మాస్టారు: "ఎనిమిదేళ్ళుగా గోడమీద బొగ్గుతో కీబోర్డు గీసి నేర్పిస్తున్నాను. ఏ అక్షరం ఎక్కడుందో పిల్లలందరికీ వచ్చు. అసలుది ఎవరూ ముట్టుకోలేదు. నేను కూడా."

ఆరేళ్ళ నా సర్వీసులో నేను చూసింది తప్పులు. వాటి వెనక ఇంత మంది మనుషులు, ఇంత పట్టుదలగా, ఎవరూ చూడకపోయినా చేస్తూనే ఉన్నారన్న సంగతి నాకు తట్టనే లేదు. సూపరింటెండెంటు గారైతే కవరు విప్పడం, చదవడం, కళ్ళజోడు తీసి తుడుచుకోవడం. ఒకసారి హాలంతా చూసి, "వీళ్ళంతా ఇన్నాళ్ళూ ఎక్కడున్నారమ్మా?" అన్నారు.

"ఇక్కడే ఉన్నారు సార్. మన ప్రశ్నలకి అవతల."

డైరెక్టరు గారు ఆ పదకొండో జవాబులకి పేరూ ఊరూ కనపడకుండా కాగితం అతికించి, నడవలో గోడ పొడుగునా అంటించమన్నారు, వచ్చేపోయేవాళ్ళు చదువుతారని.

అప్పుడే నాకు లెక్క అర్థమైంది. సాయం ఆ ఏడాదికి తొమ్మిది వందల చోట్లకి సరిపోతుంది. దరఖాస్తులు దానికి అయిదింతలు. ఎక్కువైనప్పుడు, కనెక్షన్ ఉన్న చోటికి ఎవరు ఎంత దూరంగా ఉన్నారో చూసి, దూరం వాళ్ళకి ముందు ఇవ్వాలని నియమం. అక్క గది నుంచి పెద్ద లైబ్రరీకి బావ బస్సులో నాలుగు స్టాపులు.

పాత దరఖాస్తే ఉండి ఉంటే, ఆ మూడు వందల నలభై మందిలో, నేను పక్కన కూర్చుని రాయించి ఉంటే, అక్కకి ఖాయంగా వచ్చేది. నా చేతులతో నేనే తలుపు తెరిచాను, అందులోంచి లోకమంతా లోపలికొచ్చింది, అక్కకి నిలబడే చోటు లేకుండా పోయింది. ఆ సంగతి ఇంట్లో ఎలా చెప్పాలో తెలియక నాలుగు రోజులు తల దువ్వుకునే నెపంతో అద్దంవైపు తిరిగి కూర్చున్నాను.

అయిదోరోజు సూపరింటెండెంటు గారు నా బల్ల దగ్గరికి వచ్చి ఒక కాగితం పెట్టారు. గొంతు తగ్గించి చెప్పారు. "దరఖాస్తులు మరీ ఎక్కువైతే అదనంగా ఒక ప్రశ్న అడిగే అధికారం నాకుందమ్మా. శాశ్వతమైన గది, దానికి తలుపూ తాళం ఉన్నాయా, అని. మిషన్లు భద్రంగా ఉండాలి కదా. తప్పేం లేదు. పడవలూ డేరాలూ చెట్లకిందవీ పక్కకి పోతే, మీ అక్కగారి గది పైకొస్తుంది. ఆవిడ కోసమని కాదు. ఎందుకైనా మంచిది."

నన్ను చూడకుండా చెప్పారు. మంచితనంతోనే చెప్పారు. నేను ఆ కాగితం సొరుగులో పెట్టుకున్నాను. వద్దని మాత్రం అనలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు ఇప్పటికీ మొహం చెల్లదు.

*

గడువు ఇంకో రెండు రోజుల్లో ముగుస్తుందనగా అక్క తన దరఖాస్తు తనే తెచ్చింది. తపాలాని నమ్మలేదు. కౌంటరులో ఇచ్చి, రసీదు తీసుకుని, నన్ను వెతుక్కుంటూ నడవలోకి వచ్చింది. నేను హాల్లోంచి బయటికి వచ్చేసరికి గోడముందు నిలబడి ఉంది. చేతిలో గొడుగు, ఇంకో చేతిలో నా భోజనం డబ్బా.

పిలవబోయి ఆగాను. అక్క చదువుతోంది. అక్క చదవడం మొదలుపెడితే మధ్యలో పిలవకూడదని చిన్నప్పుడే నేర్చుకున్నాను. ఒక్కొక్క కాగితం దగ్గరే నిలబడి, ఒక్కొక్క అడుగే పక్కకి జరుగుతూ, గోడ ఆ చివరి నుంచి ఈ చివరికి వచ్చింది. దాదాపు గంట పట్టింది. నా దగ్గరికి వచ్చేసరికి ముఖం ఎలా ఉందో నేను చెప్పలేను. నెలలు నిండిన కడుపు మీద చెయ్యి వేసి లోపలి కదలిక చూసినవాళ్ళ ముఖం అలా ఉంటుంది.

"ఇంతమంది ఉన్నారటే," అంది.

"ఇంకా ఉన్నారక్కా. ఇవి గోడకి పట్టినంతే."

"పంతొమ్మిదేళ్ళు. ఆ గదిలో పొద్దున తాళం తీసినప్పుడల్లా, ఊళ్ళో ఈ పిచ్చి నాకొక్కదానికే ఉందనుకునేదాన్ని." మళ్ళీ గోడవైపు తిరిగింది. "మన గది వీళ్ళల్లో ఎక్కడుందే?"

అబద్ధం చెబుదామనే అనుకున్నాను. "కింద ఉందక్కా. బాగా కింద."

అక్క తల ఊపింది. ఆ ఊపు చూసి నాకు భయం వేసి, సొరుగులోంచి జేబులోకి మారిన ఆ కాగితం తీసి గబగబా చెప్పేశాను, తాళం సంగతి, తలుపు సంగతి. "ఇదొక్కటి కలిపితే మనకి వస్తుంది. నియమం ప్రకారమే. ఎవరూ తప్పు పట్టరు."

"ఆ పడవావిడ?"

"పోతుంది."

"ఎక్కడ తవ్వుతుంటే అక్కడ ఉండేవాళ్ళు?"

నేను కాగితం మడిచాను.

అక్క డబ్బా నా చేతిలో పెట్టింది. "పోయినేడు గోడ కనిపించలేదన్నావు. ఈ ఏడు వాళ్ళకి తలుపు కనిపించలేదని రాస్తావా?" కోపంగా అనలేదు. చిన్నప్పుడు ఎక్కం తప్పు చెబితే మళ్ళీ మొదట్నించి చెప్పమనే గొంతు అది. "అన్నం చల్లారిపోతుంది, తిను. నేను వెళ్తున్నాను, సాయంత్రం పుస్తకాలు మార్చుకునేవాళ్ళు వస్తారు."

గొడుగు విప్పుకుని ఎండలోకి వెళ్ళిపోయింది.

నేను లోపలికి వచ్చి కాగితం సూపరింటెండెంటు గారి బల్లమీద పెట్టాను. "ఇది వద్దు సార్."

"ఎందుకైనా మంచిదని..."

"ఎవరికి మంచిది సార్?"

ముప్ఫై ఏళ్ళలో ఆయన్ని ఆ మాట ఎవరూ అడిగినట్టు లేదు. చాలాసేపు నడవవైపు చూశారు. తరవాత కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి బుట్టలో వేసి, ఇంకో కవరు విప్పుకున్నారు.

*

జాబితా వచ్చింది. తొమ్మిది వందల నంబర్లలో అక్కది లేదు. పడవ ఉంది, క్వారీ ఉంది, బొగ్గు కీబోర్డు మాస్టారు ఉన్నారు. సాయంత్రం ఇంటికి వెళ్ళి చెప్పాను. బావ నోటికి ఏ హాస్యమూ రాలేదు. అక్క మటుకు జాబితా మొత్తం చదివించుకుంది, ఊళ్ళ పేర్లతో సహా, చుట్టాల పెళ్ళి శుభలేఖ విన్నట్టు.

గది ఖాళీ చేసిన రోజు నేను సెలవు పెట్టి వెళ్ళాను. రెండు వేల మూడు వందల పుస్తకాలు. ముగ్గురం కట్టలు కట్టాం. చివరి అలమర దించాక వెనకున్న గోడ బయటపడింది. సున్నం పెచ్చులూడి, చెమ్మ పట్టి, ఏ మిషనూ పెట్టడానికి వీల్లేని గోడ. అక్క అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచింది. అక్కడ మాత్రం ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కౌన్సిల్ మనిషి తాళం చెవి కోసం గుమ్మంలో నిలబడి, మమ్మల్ని తొందరపెట్టకుండా బయటికి చూస్తూ ఊరుకున్నాడు.

పెద్ద లైబ్రరీలో అక్కకి ఒక మూల బల్ల ఇచ్చారు. కొత్తగా కనెక్షన్ వచ్చినవాళ్ళకి ఏదైనా సందేహం వస్తే తెరమీద అడగొచ్చని, జవాబు చెప్పడానికి అక్కడొక మనిషి ఉంటారని డైరెక్టరు గారు ఆర్డరు వేశారు. ఎవరికీ అక్కర్లేని సీటు కాబట్టి మిగిలిపోయిన మనిషికి ఇచ్చారు, అలాగే అనుకుంది అక్క. మొదటి మూడు రోజులూ తెర నల్లగానే ఉంది. అక్క పాత పుస్తకాల అట్టలు అతికిస్తూ కూర్చుంది.

నాలుగోరోజు మధ్యాహ్నం ఆఫీసు పని మీద అటు వెళ్ళి అక్క పక్కన కూర్చున్నాను. బయట ఆ ఏడాది మొదటి వాన మొదలైంది. ఉన్నట్టుండి తెర వెలిగింది.

ముందు ఏవో నీడలు కదిలాయి. తరవాత ముఖాలు. పిల్లలు, వాళ్ళ వెనక పెద్దవాళ్ళు, వాళ్ళ భుజాల మీంచి ఇంకా పెద్దవాళ్ళు. తెరలో పట్టినంత మందీ ఉన్నారు, పట్టనివాళ్ళ చేతులు కనిపిస్తున్నాయి. తొమ్మిది వందల్లో అది ఏ ఊరో మాకు తెలియదు. అందరూ అక్కని చూస్తున్నారు. అక్క చేతిలో జిగురు కుంచె అలాగే ఉండిపోయింది.

"మేడమ్ గారూ, వినిపిస్తోందాండీ?" అన్నాడు ముందున్న పెద్దాయన, చాలా దూరంలో ఉన్నవాళ్ళని పిలిచినంత గట్టిగా.

"వినిపిస్తోందండీ. చెప్పండి. ఏం కావాలన్నా అడగండి, నాకు తెలియకపోతే వెతికి చెబుతాను."

ఆయన వెనక్కి తిరిగాడు. గుసగుసలు మొదలయ్యాయి. నువ్వడుగు అంటే నువ్వడుగు అని ఒకరినొకరు తోసుకున్నారు. ఏళ్ళ తరబడి అడగాలనుకున్నవి ఎన్ని ఉండి ఉంటాయో, ఒక్కటీ నోటికి రావడం లేదు. పెద్దాయన ఇటు తిరిగి, కండువాతో ముఖం తుడుచుకుని అడిగాడు.

"అమ్మా, అక్కడ వాన పడుతోందా?"

అక్క కిటికీవైపు చూసింది. తెరవైపు చూసింది. పంతొమ్మిదేళ్ళుగా ఎవరేమడిగినా అరలోంచి పుస్తకం తీసిచ్చిన మనిషి, ఈ ప్రశ్నకి జవాబు చెప్పడానికి రెండుసార్లు గొంతు సవరించుకోవాల్సి వచ్చింది.

"పడుతోందండీ," అంది. "మీకు?"

"ఇక్కడా పడుతోంది!" అని అటు అందరూ ఒక్కసారే అరిచారు.